మన రంగు వెనక ఉన్న ఎండ లెక్క

చర్మం లేతగా ఉన్న మనిషిని తెలుగులో 'తెల్లగా ఉన్నాడు' అనే కంటే 'ఎర్రగా ఉన్నాడు' అనడమే ఎక్కువ వింటాం. ఆ మాట పుట్టించిన వాళ్లకు శరీరశాస్త్రం తెలియకపోవచ్చు గానీ వాళ్ల చూపు మాత్రం సరైనదే. చర్మానికి తెల్లరంగు పూసే పదార్థమేదీ మన ఒంట్లో లేదు. ప్రధానంగా ఉన్నది మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం, అది తగ్గినకొద్దీ కింద సన్నటి నాళాల్లో పారుతున్న నెత్తురు ఎరుపు పైకి కనబడుతుంది. అంటే మనుషుల్లో నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు అని నాలుగు రంగుల డబ్బాలేమీ లేవు. ఒకే సరుకు ఒకరిలో ఎక్కువ, ఇంకొకరిలో తక్కువ, మధ్యలో లెక్కలేనన్ని మెట్లు.

ఇంత చిన్న తేడా మీద మనుషులు అల్లిన కథలు మాత్రం కొండంత. ఎండలో కాలి నల్లబడ్డారని కొందరు, నల్లవాళ్లందరిదీ ఒక కుదురు, తెల్లవాళ్లందరిదీ ఇంకో కుదురు అని కొందరు, మనిషి మొదట్లో నల్లగా ఉండేవాడు, చలిదేశాలకు వెళ్లగానే తెల్లబడ్డాడని ఇంకొందరు. కొన్నిట్లో కాస్త నిజం కలిసి ఉంది కాబట్టే ఇవి అంత తేలిగ్గా వదలడం లేదు. రంగు దేనితో తయారవుతుంది, ఎందుకు మారింది, చుట్టరికం గురించి అది ఏం చెబుతుంది అనేవి మూడు వేరువేరు ప్రశ్నలు. వాటిని కలిపేయడంతోనే గందరగోళం మొదలవుతుంది.

ముందు చర్మం దగ్గరికే వెళ్దాం. పైపొర అట్టడుగున, ఇటుక వరుసల్లా పేర్చిన మామూలు కణాల మధ్య, అక్కడక్కడా కొమ్మలు చాచుకున్న కణాలుంటాయి. వీటిని మెలనోసైట్లు అంటారు. ఒక్కో మెలనోసైట్ తన కొమ్మలతో చుట్టూ ఉన్న 30-40 కణాలను అందుకుంటుంది. తన లోపల మెలనోసోములు అనే బుల్లి సంచుల్లో మెలనిన్ తయారుచేసి, ఆ సంచుల్ని కొమ్మల చివరిదాకా తోసి, పక్క కణాల చేతిలో పెడుతుంది. అందుకున్న కణం ఏం చేస్తుందో చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. ఆ సంచుల్ని తన కేంద్రకానికి పైన, సరిగ్గా ఎండ వచ్చే వైపు, గొడుగులా పేర్చుకుంటుంది. కేంద్రకంలో ఉండేది డీఎన్ఏ, అతినీలలోహిత కిరణాలు తగిలితే దెబ్బతినేది అదే. మనం చర్మం రంగు అంటున్నది దూరం నుంచి చూసిన కోట్ల కోట్ల గొడుగులన్నమాట.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మెలనోసైట్ల సంఖ్య అందరిలోనూ దాదాపు ఒకటే. కారునలుపు మనిషికి అవి ఎక్కువ, పాలిపోయినట్టుండే మనిషికి తక్కువ అనేమీ లేదు. తేడా అంతా సంచుల్లోనే. ముదురు చర్మంలో అవి పెద్దవిగా, నిండుగా, విడివిడిగా పరుచుకుని ఉంటాయి, లేత చర్మంలో చిన్నవిగా, గుంపులుగా ఉండి త్వరగా విరిగిపోతాయి. మెలనిన్‌లో కూడా రెండు రకాలున్నాయి. గోధుమ-నలుపు రంగుది యూమెలనిన్, ఎరుపు-పసుపు రంగుది ఫియోమెలనిన్. ఏది ఎంత తయారవ్వాలో తేల్చడంలో ఎంసీ1ఆర్ అనే జన్యువుది పెద్ద పాత్ర. అది సరిగ్గా పనిచేయని వాళ్లలో ఎర్రజుట్టు, ముఖం మీద చుక్కలు, ఎండలో నల్లబడకుండా కమిలిపోయే చర్మం కనిపిస్తాయి.

మరి ఎండలో తిరిగితే నల్లబడతాం కదా, ఆ నలుపు పిల్లలకు వస్తుందా అంటే రాదు. ఎండకు కణాల్లోని డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు అవి ఒక హార్మోన్ సంకేతం పంపుతాయి, మెలనోసైట్లు సంచులు తయారుచేయడం పెంచుతాయి, కొన్ని వారాలు నీడపట్టున ఉంటే ఆ పని మళ్లీ తగ్గిపోతుంది. అండంలో గానీ వీర్యకణంలో గానీ ఉన్న డీఎన్ఏలో ఒక్క అక్షరం కూడా దీనివల్ల మారదు. అందుకే పరిశోధకులు ఒక మనిషి అసలు రంగు కొలవాలంటే మొహం చూడరు, మోచేతికి పైన, చేతి లోపలి వైపు, ఎండ సోకని చోట కాంతి పడేసి ఎంత వెనక్కి వస్తుందో చూస్తారు. ఎండ మనుషుల్ని తరాల తరబడి మార్చిన మాట నిజమే. అయితే కాల్చి మార్చలేదు, ఏరి మార్చింది. ఏ రంగు వాళ్ల పిల్లలు ఎక్కువమంది బతికి బట్టకట్టారో ఆ రంగు జన్యువులు ఆ చోట మిగిలాయి, వేల ఏళ్ల మీద జరిగింది ఇంతే.

చింపాంజీ వెంట్రుకల్ని పక్కకి తప్పించి చూస్తే కింద చర్మం లేత రంగులో ఉంటుంది. మన దూరపు పూర్వీకులదీ అలాంటిదే అయి ఉండాలి, ఎందుకంటే ఒళ్లంతా వెంట్రుకలుంటే చర్మానికి వేరే గొడుగు అవసరం లేదు. తర్వాత ఆఫ్రికా గడ్డి మైదానాల్లో, ఎండలో చాలాదూరం నడవాల్సిన బతుకులో, ఒళ్లు చల్లబడటానికి చెమట ముఖ్యమైంది, వెంట్రుకలు పోయాయి, చర్మం నేరుగా ఎండకు తెరుచుకుంది. ఆఫ్రికా జనాభాలో ఎంసీ1ఆర్ జన్యువు ఇచ్చే ప్రోటీన్ దాదాపు మారకుండా నిలిచిపోయింది, దాన్ని చెడగొట్టే మార్పు ఏది వచ్చినా అక్కడి ఎండ ఏరిపారేసింది. ఆ జన్యువులోని తేడాలను లెక్కగట్టి 2004లో ఆలన్ రోజర్స్ బృందం, ముదురు చర్మం స్థిరపడి కనీసం 12 లక్షల ఏళ్లు అయి ఉంటుందని అంచనా వేసింది. మన జాతి, అంటే హోమో సేపియన్స్, పుట్టి మూడు లక్షల ఏళ్లే. కాబట్టి 'మనిషి మొదటి రంగు ఏది' అనే ప్రశ్నకు జవాబు మనం ఎంత వెనక్కి వెళ్లి అడుగుతున్నామనే దాన్ని బట్టి మారుతుంది. ముందు లేత, తర్వాత ముదురు, ఆ తర్వాత కొన్ని చోట్ల మళ్లీ లేత.

ముదురు చర్మం ఎందుకు అంత లాభం? చర్మ కేన్సర్ రాకుండా అని చాలామంది చెప్పేస్తారు. అందులో కొంత నిజం ఉండొచ్చు గానీ, చర్మ కేన్సర్ ఎక్కువగా పిల్లల్ని కనే వయసు దాటాక వస్తుంది, అప్పటికి జన్యువులు తర్వాతి తరానికి చేరిపోయి ఉంటాయి, కాబట్టి ఆ ఒక్క కారణం చాలదని మానవ పరిణామం మీద పనిచేసే పరిశోధకులు నినా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ వాదించారు. వాళ్లు చూపించింది ఫోలేట్ అనే బి విటమిన్‌ని. 1978లో మనిషి రక్తరసాన్ని సూర్యకాంతి లాంటి వెలుగులో గంటసేపు ఉంచితే అందులోని ఫోలేట్ 30 నుంచి 50 శాతం దాకా నాశనమైనట్టు ఒక ప్రయోగంలో తేలింది. ఫోలేట్ తక్కువైతే కడుపులో బిడ్డ వెన్నుపాము సరిగ్గా మూసుకోకపోవచ్చు, మగవాళ్లలో వీర్యకణాల తయారీ దెబ్బతింటుంది. గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చేది ఇందుకే. పిల్లలు పుట్టడం మీదే నేరుగా దెబ్బకొట్టే విషయం కాబట్టి పరిణామం దీన్ని పట్టించుకోకుండా ఉండలేదు. నాకు ఈ వాదన గట్టిగానే అనిపిస్తుంది. కేన్సర్ వాదనను సమర్థించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, రెండూ కలిసి పనిచేసి ఉండటానికి అడ్డేమీ లేదు.

ఇక రెండో వైపు. చర్మంలోని ఒక రకం కొవ్వు పదార్థం అతినీలలోహిత-బి కిరణాల సాయంతో విటమిన్ డి గా మారుతుంది, అది లేకపోతే ఎముకలు మెత్తబడతాయి, పిల్లలకు రికెట్స్ వస్తుంది, ఆడపిల్లల కటి ఎముక వంకరపోతే పెద్దయ్యాక కాన్పు కష్టమవుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఈ కిరణాలకు కొదవ లేదు, గొడుగు ఎంత మందంగా ఉన్నా పని జరిగిపోతుంది. ఉత్తరానికి పోయినకొద్దీ సూర్యుడు వాలుగా కనిపిస్తాడు, కిరణాలు గాలిపొరను ఎక్కువ దూరం దాటాలి, దారిలోనే అవి ఇంకిపోతాయి. బోస్టన్ 42 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. 1988లో అక్కడ చేసిన ప్రయోగాల్లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చర్మాన్ని ఎండలో పెట్టినా విటమిన్ డి తయారీ మొదలవ్వలేదు. అలాంటి చోట మందమైన గొడుగు భారమే అవుతుంది. జబ్లాన్‌స్కీ, చాప్లిన్ 2000లో నాసా ఉపగ్రహం కొలిచిన అతినీలలోహిత కిరణాల లెక్కల్ని ప్రపంచమంతటా ఆదివాసుల చర్మం రంగు కొలతలతో పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ చాలా దగ్గరగా కుదిరాయి.

కుదరని చోట్లే నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అక్కడే అసలు యంత్రం బయటపడుతుంది. ఆర్కిటిక్‌లో ఉండే ఇన్యూట్ ప్రజలు ఆ అక్షాంశానికి ఉండాల్సిన దానికంటే ముదురు రంగులో ఉంటారు. వాళ్ల తిండి చేపలు, సముద్ర జంతువుల కొవ్వు, విటమిన్ డి దాంట్లోనే దండిగా దొరుకుతుంది కాబట్టి చర్మం మీద ఒత్తిడి లేదు. అమెరికా ఖండాల్లో భూమధ్యరేఖ దగ్గరి ఆదివాసులు అదే రేఖ మీది ఆఫ్రికన్లంత ముదురు కారు. వాళ్ల పూర్వీకులు ఆ ఖండంలోకి వెళ్లి సుమారు 15 వేల ఏళ్లే అయింది, పరిణామానికి అది మరీ ఎక్కువ సమయం కాదు.

సరే, జన్యువుల సంగతి. ఇది ఒక చేపతో మొదలైంది. జీబ్రాఫిష్ అని వేలంత పొడవుండే చారల చేప ఉంది, ప్రయోగశాలల్లో పెంచుతారు. అందులో 'గోల్డెన్' అని ఒక రకానికి నల్లచారలు వెలిసిపోయినట్టు లేతగా ఉంటాయి. పెన్సిల్వేనియాలో కేన్సర్ పరిశోధకుడు కీత్ చెంగ్ బృందం ఆ వెలవెలకు కారణమైన జన్యువును పట్టుకుంది, దాని పేరు ఎస్ఎల్‌సీ24ఏ5. సూక్ష్మదర్శినిలో చూస్తే గోల్డెన్ చేపలో మెలనోసోములు తక్కువగా, చిన్నగా, పలచగా ఉన్నాయి, అచ్చం లేత చర్మం మనుషుల్లో ఉన్నట్టే. దాంతో అదే జన్యువు మనుషుల్లో వెతికారు, దొరికింది. మనిషి జన్యువు నుంచి తీసిన సందేశాన్ని, అంటే ప్రోటీన్ ఎలా చేయాలో చెప్పే ఆర్ఎన్ఏని, గోల్డెన్ చేప పిండంలోకి ఎక్కిస్తే ఆ పిండంలో నల్లరంగు తిరిగొచ్చింది! చేపల దారి, మన దారి విడిపోయి 40 కోట్ల ఏళ్లు దాటినా జన్యువు చేసే పని మాత్రం మారలేదు. 2005లో ఇది సైన్స్ పత్రికలో వచ్చింది.

మనుషుల్లో ఈ జన్యువుకు రెండు రూపాలు ఎక్కువగా కనిపిస్తాయి, మధ్య తేడా ఒకే ఒక్క అక్షరం. మూడువందల కోట్ల అక్షరాల పుస్తకంలో, 15వ క్రోమోజోమ్ మీద, ఒక చోట 'జి' ఉండాల్సింది 'ఏ' అయింది, దాంతో ఆ ప్రోటీన్‌లో 111వ స్థానంలో అలనైన్ అనే ముక్క బదులు థ్రియోనైన్ అనే ముక్క వచ్చి కూర్చుంది. యూరప్‌లో దాదాపు అందరిలో కొత్త రూపం ఉంది, ఆఫ్రికాలో, తూర్పు ఆసియాలో ఎక్కువమందిలో పాతదే. యూరప్, ఆఫ్రికా జనాల మధ్య రంగు తేడాలో 25 నుంచి 38 శాతం దాకా ఈ ఒక్క మార్పుతో వివరించవచ్చని ఆ బృందం లెక్కగట్టింది. దక్షిణాసియాలో కూడా ఈ కొత్త రూపం ఒక్కో చోట ఒక్కో మోతాదులో ఉంది, యూరప్‌లోదీ ఇదీ వేరువేరుగా పుట్టినవి కావని, ఒకే మూలం నుంచి వచ్చాయని, ఆ మూలానికి 22 నుంచి 28 వేల ఏళ్లు ఉండొచ్చని 2013లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అందులో హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ ఉన్నారు.

ఇంతవరకూ చదివి 'ఓహో, ఇదే తెల్లరంగు జన్యువు' అనుకుంటే పప్పులో కాలేసినట్టే. తూర్పు ఆసియా వాళ్ల చర్మం కూడా లేత రంగే, కానీ వాళ్లలో ఈ మార్పు అరుదు. అక్కడ ఓసీఏ2 అనే ఇంకో జన్యువులో, వేరే మార్పుతో, వేరేగా వచ్చింది లేతదనం. ఉత్తరార్ధగోళంలో రెండు చోట్ల మందమైన గొడుగు అవసరం తగ్గింది, రెండు చోట్లా రెండు వేరు వేరు దారుల్లో అది పలచబడింది. పైగా ఒకటీ రెండూ కాదు, 2023లో ఒక బృందం కణాల్లో జన్యువుల్ని ఒక్కొక్కటిగా ఆపుతూ పోతే మెలనిన్ మోతాదును మార్చేవి 169 తేలాయి, అందులో 135 అంతకుముందు ఎవరూ రంగుతో ముడిపెట్టనివి.

ఇక్కడ పాత ఎముకలు ఇంకో తలుపు తెరిచాయి. 1903లో ఇంగ్లండ్‌లోని ఒక గుహలో దొరికిన చెడ్డర్ మనిషి అనే అస్థిపంజరం వయసు సుమారు 10 వేల ఏళ్లు. 2018లో అతని డీఎన్ఏ చదివినవాళ్లు చర్మం ముదురు రంగులో, కళ్లు లేత రంగులో ఉండి ఉంటాయని అంచనా వేశారు. స్పెయిన్‌లోని లా బ్రాన్యా గుహలో దొరికిన సుమారు 7 వేల ఏళ్ల కిందటి మనిషిదీ అదే కథ: ముదురు చర్మం, నీలికళ్లు. ఈ రెండూ కలిసి ఉన్న మనిషి ఇవాళ మనకు చాలా అరుదుగా కనిపిస్తాడు. జన్యువుల నుంచి కచ్చితమైన రంగు చెప్పడం కష్టమేననీ, 'ముదురు' అన్నది ఎంత ముదురో చెప్పలేమనీ గుర్తుంచుకోవాలి. అయినా ఆధునిక మానవులు యూరప్‌లో అడుగుపెట్టి 40 వేల ఏళ్లు దాటింది, అంటే పశ్చిమ యూరప్‌లో చాలాకాలం, ఆ చలిలో, ముదురు చర్మంతోనే బతికారు. లేత చర్మం జన్యువులు పెద్దమొత్తంలో వచ్చింది తర్వాత, అనటోలియా (ఇప్పటి టర్కీ ప్రాంతం) నుంచి వ్యవసాయం పట్టుకొచ్చిన జనంతో, ఇంకా తర్వాత యూరప్‌కు తూర్పునున్న గడ్డి మైదానాల నుంచి వచ్చినవాళ్లతో. వేటలో చేపలు, మాంసం తిన్నవాళ్లకు విటమిన్ డి తిండిలోనే కొంత దొరికేది, గింజల మీద బతికే రైతుకు అది తగ్గింది, అందుకే అప్పుడు లేత చర్మం నిలదొక్కుకుంది అని ఒక వివరణ ఉంది. చలిదేశానికి వెళ్లగానే తెల్లబడ్డారన్న సులువైన కథ మాత్రం ఇక నిలబడదు.

అన్నిటికంటే నా ఆలోచనను మార్చింది ఆఫ్రికాలో జరిగిన పని. అంతకుముందు రంగు జన్యువుల పరిశోధన ఎక్కువగా యూరప్ జనాల మీదే సాగింది, ఆఫ్రికా అంటే అంతా ఒకటే నలుపు అన్నట్టు వదిలేశారు. జన్యుశాస్త్రవేత్త సారా టిష్‌కాఫ్ బృందం ఇథియోపియా, టాంజానియా, బోట్స్‌వానాల్లో కొలతలు తీసి 2017లో ప్రచురించింది. ఆఫ్రికాలోనే సూడాన్ వైపు నైలు నది పరిసరాల జనాల గాఢమైన నలుపు నుంచి దక్షిణాన సాన్ ప్రజల గోధుమ రంగు దాకా ఎన్నో మెట్లున్నాయి. ఈ బృందానికి కనబడిన మార్పుల్లో చాలావాటికి ముదురు రూపం, లేత రూపం రెండూ ఆఫ్రికాలోనే పుట్టాయి, కొన్ని మూడు లక్షల ఏళ్ల కంటే పాతవి, అంటే మన జాతి కంటే ముందువి. లేతదనం యూరప్ కనిపెట్టిన వస్తువేమీ కాదన్నమాట. ఎంఎఫ్ఎస్‌డీ12 అనే జన్యువు దగ్గరి ముదురు రూపాలు తూర్పు ఆఫ్రికాలోనే కాక దక్షిణాసియాలో, ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా ఉన్న మెలనేషియా దీవుల్లో కూడా కనిపించాయి. ఎంఎఫ్ఎస్‌డీ12 పని తగ్గితే చర్మం ముదురుతుంది. రంగు పోవడమే కాదు, రంగు ఇంకా పెరగడం కూడా పరిణామంలో జరిగింది, నలుపు అంటే మారకుండా ఆగిపోయిన పాత స్థితి అనుకోవడం తప్పు.

ఇప్పుడు చుట్టరికం ప్రశ్న. 1735లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ మనుషుల్ని ఖండానికో రంగు చొప్పున నాలుగు ముక్కలు చేశాడు, తర్వాతి ముద్రణలో ఒక్కో రంగుకు ఒక్కో స్వభావం కూడా అంటగట్టాడు. చర్మం చెబుతున్నది లోపలంతా నిజమని ఆయన నమ్మకం. 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ రక్తంలోని ప్రోటీన్ల తేడాల్ని లెక్కగట్టి చూస్తే మొత్తం తేడాలో దాదాపు 85 శాతం ఒకే జనసమూహంలోని మనుషుల మధ్యే ఉంది, నలుపు, తెలుపు అంటూ విడదీసిన 'జాతుల' మధ్య ఉన్నది సుమారు 6 శాతమే. అదే లెక్క 2002లో జాన్ రెలెత్‌ఫర్డ్ చర్మం రంగు మీద వేస్తే తలకిందులైంది: 88 శాతం తేడా ప్రాంతాల మధ్యే. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుని కాసేపు ఆలోచించండి. మిగతా జన్యువులు చాలావరకు ఒక రకంగా పరుచుకుని ఉంటే, చర్మం రంగు ఒక్కటి పూర్తిగా వేరే రకంగా పరుచుకుంది, ఎందుకంటే దాన్ని నడిపింది ఎండ. ఎన్నిటిలోనో ఒకలాగే ఉన్న మనుషుల్లో మన కన్ను సరిగ్గా వేరుగా ఉన్న ఆ ఒక్కదాన్నే పట్టుకుంది.

అందుకే మెలనేషియా ద్వీపవాసి, పశ్చిమ ఆఫ్రికా మనిషి పక్కపక్కన నిలబడితే రంగు ఒకేలా ఉండొచ్చు గానీ, వంశవృక్షంలో మెలనేషియా మనిషి యూరప్ మనిషికే ఎక్కువ దగ్గర. మెలనేషియాలోని సాలమన్ దీవుల్లో ముదురు చర్మంతో బంగారు రంగు జుట్టున్న వాళ్లు 5 నుంచి 10 శాతం దాకా ఉంటారు. యూరప్ నావికుల రక్తం కలిసిందేమోనని చాలాకాలం అనుకున్నారు, 2012లో చూస్తే అది టీవైఆర్‌పీ1 జన్యువులో అక్కడే పుట్టిన మార్పు, యూరప్‌లో ఆ రూపమే లేదు.

ఇక ఇళ్లలో వినబడే ప్రశ్న: ఒకే అమ్మానాన్నలకు ఒక బిడ్డ చామనఛాయ, ఇంకో బిడ్డ ఎరుపు, ఇదెలా? రంగును తేల్చే జన్యువులు చాలా ఉన్నాయి, ఒక్కోదానికి అమ్మ దగ్గర రెండు ప్రతులు, నాన్న దగ్గర రెండు. బిడ్డకు ఒక్కొక్కరి నుంచి ఒక్కో ప్రతి వెళుతుంది, ఏది వెళ్లాలన్నది చీటీ తీసినట్టే. ఆ చీటీ ప్రతి బిడ్డకూ మళ్లీ కొత్తగా తీస్తారు. తల్లిదండ్రులిద్దరూ మధ్యరకం రంగులో ఉండి, లోపల ముదురు, లేత రూపాలు రెండూ కలగలిసి ఉంటే, ఒక బిడ్డకు లేతవి ఎక్కువ పడొచ్చు, తర్వాతి బిడ్డకు ముదురువి ఎక్కువ పడొచ్చు, కవలల్లో కూడా ఇది జరుగుతుంది. ఇందులో ఎవరినీ అనుమానించాల్సిందీ లేదు, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నారని అడగాల్సిందీ లేదు.

వైద్యంలో రంగుకు ప్రాధాన్యం ఎక్కడుందో చూడాలన్నా వెలుగునే పట్టుకోవాలి. సికిల్ సెల్ లాంటి వంశపారంపర్య రక్తపు జబ్బు మలేరియా ఉన్న చోట్లను అనుసరిస్తుంది, నలుపును కాదు, అందుకే అది ఆఫ్రికాతో పాటు మధ్యధరా తీరంలో, అరేబియాలో, భారత్‌లో కూడా ఉంది. అదే వేలికి తగిలించే ఆక్సీమీటర్ సంగతి వేరు. అది వేలిలోంచి కాంతిని పంపి ఆక్సిజన్ లెక్కిస్తుంది, దారిలో మెలనిన్ అడ్డొస్తుంది. 2020లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా యంత్రం బాగానే ఉందని చూపించడం తెల్లజాతి రోగులతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు జరిగింది. యంత్రం తయారుచేసేటప్పుడు ఆ గొడుగుల్ని లెక్కలోకి సరిగ్గా తీసుకోలేదు.